అందిందిగారి జవాబులు

మా టపా విభాగంలో ఒకాయన ఉండేవారు. వచ్చిన మెయిలుకు జవాబివ్వకుండా ఉండటం ఆయన వల్ల అయ్యే పని కాదు. కొందరికి గోళ్ళు కొరికే అలవాటు ఉంటుంది, కొందరికి నిద్రలో మాట్లాడే అలవాటు ఉంటుంది. ఈయనది జవాబులిచ్చే అలవాటు. మనిషి రాసినా, మిషను రాసినా, మోసగాడు రాసినా ఆయన దగ్గర్నుంచి ఒక జవాబు వెళ్ళి తీరాలి. ఆ జవాబు ఎప్పుడూ "అందింది" అన్న మాటతోనే మొదలయ్యేది. అందుకని ఆఫీసంతా ఆయన్ని అందిందిగారు అనేవాళ్ళం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒకసారి ఎవరో నోటి అలవాటుకొద్దీ "అందిందిగారికి నమస్కారం" అని మెయిలు పంపితే, దానికీ "అందింది" అనే జవాబిచ్చారు.

అడుగున "ఇది యంత్రం పంపిన సందేశం, దయచేసి జవాబివ్వకండి" అని ఉండే మెయిళ్ళుంటాయి చూశారూ, వాటితో ఆయన పడ్డ బాధ ఇంతా అంతా కాదు. ఇవ్వకపోతే మర్యాద కాదు, ఇస్తే మాట కాదన్నట్టు. కొన్నాళ్ళు నలిగి నలిగి చివరికి ఒక దారి కనిపెట్టారు. "అందింది. జవాబు వద్దన్నారు కనుక ఇవ్వడం లేదు" అని రాసి పంపేవారు.

పై అంతస్తులో ప్రింటరు కాగితాలు అయిపోయాయని మెయిలు పంపితే "అందింది, వస్తున్నాను" అని రాసి, కాగితాల కట్ట చంకలో పెట్టుకుని మెట్లెక్కేవారు. మీ ఖాతా మూసేస్తామని బెదిరించే మోసగాళ్ళకు "అందింది. మూసే ముందు ఒక్క మాట చెప్పండి, నేను ఊళ్ళోనే ఉంటాను" అని రాసేవారు. వాళ్ళలో ఒకడు ఈయన మర్యాద భరించలేక మోసం సంగతి మర్చిపోయి తన గొంతునొప్పి గురించి చెప్పుకున్నాడు. ఈయన వేణ్ణీళ్ళలో ఉప్పు వేసి పుక్కిలించమన్నారు. తగ్గిందని వాడు మళ్ళీ రాశాడు. దానికీ జవాబు వెళ్ళింది.

అమ్మకాల విభాగంలో ఒకతను సెలవు మీద వెళుతూ, ఎవరు రాసినా "నేను సెలవులో ఉన్నాను" అని దానంతటదే జవాబు పోయేలా పెట్టుకున్నాడు. అది తెలియక అందిందిగారు అతనికి ఏదో రాశారు. సెలవులో ఉన్నానని వచ్చింది. "అందింది, హాయిగా తిరిగి రండి" అని రాశారు. మళ్ళీ సెలవులో ఉన్నానని వచ్చింది. "ఇందాకే చెప్పారు, అందింది" అని రాశారు. ఇద్దరూ ఒకరికొకరు తీసిపోలేదు. సాయంత్రం కరెంటు పోబట్టి గానీ లేకపోతే అతని సెలవు అయిపోయేదాకా ఆ సంభాషణ నడిచేదే.

మాది త్రాసులు తయారుచేసే కంపెనీ. బంగారం తూచే చిన్న త్రాసు మొదలుకుని సరుకుతో నిండిన లారీని తూచే కాటా దాకా అన్నీ చేసేవాళ్ళం. నన్ను కంప్యూటర్ల పనికి తీసుకున్నారు. వేరే గది లేక టపా గదిలోనే ఆయన ఎదురుగా నాకొక బల్ల వేశారు. ఆ గదికి ఒకటే కిటికీ. కిటికీలోంచి సరుకు ఎక్కించే లారీలు కనిపించేవి. గోడ పొడుగునా ఉత్తరాలు పెట్టే చెక్క అరలుండేవి, ప్రతి అర మీదా ఒక శాఖ పేరున్న రేకు బిళ్ళ. అరలన్నీ ఖాళీ. అయినా ఆయన పొద్దున రాగానే గుడ్డ తీసుకుని ఆ బిళ్ళలన్నీ తుడిచేవారు. ఆ తుడవడంలో ఎక్కడా తొందర ఉండేది కాదు. ఇంత కాలమైనా ఆ గది తలుచుకుంటే ఆ బిళ్ళల మెరుపే ముందు గుర్తొస్తుంది.

ఒకప్పుడు కంపెనీకి ఎటు చూసినా శాఖలేనట. పొద్దున్నే శాఖ తలుపు తీయగానే, ఖాళీ త్రాసు సున్నా దగ్గర నిలిచిందో లేదో చూసి "తెరిచాం, సున్నా" అని హెడ్డాఫీసుకు రాయాలి. హెడ్డాఫీసు నుంచి అందిందని జవాబు వెళ్ళాకే మొదటి తూకం. ఆ జవాబిచ్చే ఉద్యోగం ఈయనది. కాలం మారింది, త్రాసులు తమ సున్నా తామే సరిచూసుకోవడం నేర్చుకున్నాయి, శాఖలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. జవాబులిచ్చే మనిషి మాత్రం మిగిలిపోయారు. ఎప్పుడైనా పని తీరికగా ఉంటే ఆ రోజుల సంగతులు చెప్పేవారు.

"పొద్దున్నే అన్ని ఊళ్ళలో అన్ని త్రాసులూ సున్నా దగ్గర ఆగి ఉండేవమ్మాయ్. నేను ఊఁ అంటేనే కదిలేవి."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఖాళీ అరల వైపు చూసేవారు. నాకు నవ్వు వచ్చేది, దానితోపాటు ఎందుకో దిగులూ వేసేది. నేను చూడని ఆ పొద్దుటి వేళల మీద నాకెందుకు బెంగో నాకే అర్థమయ్యేది కాదు.

ఇలా ఉండగా కంపెనీ మీద ఒక పీడ వచ్చిపడింది. ఎవరో మా కంపెనీ పేరు పెట్టుకుని మా ఖాతాదారులకు మెయిళ్ళు పంపడం మొదలుపెట్టారు. మీ త్రాసు తప్పు చూపిస్తోంది, సరిచేయించుకోవాలంటే ఇక్కడ నొక్కండి అని అందులో ఉండేది. త్రాసు తప్పంటే ఏ దుకాణదారుడికైనా గుండెల్లో రాయి పడుతుంది. ఫోన్ల మీద ఫోన్లు. అది చాలదన్నట్టు, మేము నిజంగా పంపే మెయిళ్ళను కూడా పెద్ద పెద్ద మెయిలు కంపెనీలు చెత్తలో పడేయసాగాయి. మా డైరెక్టరుగారు మాటలు తక్కువ వాడే మనిషి. ఆవిడ నన్ను పిలిచి, దీని సంగతి చూడమన్నారు.

సంగతి ఇదీ. మెయిలు మీద పంపినవారి పేరు ఎవరైనా ఎవరిదైనా రాసుకోవచ్చు. అది నిజంగా వాళ్ళ దగ్గర్నుంచే వచ్చిందా అని అందుకున్నవాళ్ళు పరీక్ష పెట్టే పద్ధతి ఒకటుంది. పరీక్ష తప్పినవాటిని ఏం చేయాలో ఆ పేరు ఎవరిదో వాళ్ళు ముందే బహిరంగంగా ప్రకటించుకోవాలి. ఊరికే చూసి వదిలేయమనవచ్చు, చెత్తలోకి పంపమనవచ్చు, గుమ్మంలోంచే వెనక్కి తిప్పికొట్టమనవచ్చు. మనం ఏం చెప్పినా సరే, లోకంలో ఉన్న మెయిలు కంపెనీలూ, వాటితోపాటు మన సొంత సర్వరూ రోజూ మనకొక రిపోర్టు పంపుతాయి. మీ పేరు చెప్పుకుని ఫలానా ఫలానా యంత్రాల నుంచి ఇన్ని మెయిళ్ళు వచ్చాయి, పరీక్షలో ఇన్ని నెగ్గాయి, ఇన్ని తప్పాయి అని అందులో ఉంటుంది. మెయిల్లో ఏం రాసి ఉందో మాత్రం ఉండదు.

ఆ రిపోర్టులు మనుషులు చదవగలిగేవి కావు. వాటిని విప్పి, చదివి, బొమ్మలు గీసి చూపించడానికి ఒక సాధనం ఉంది. దాన్ని బిగించాలి. కొన్ని వారాలు చూసి, మనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తేల్చుకుని, ఆ తరవాత పరీక్ష తప్పినవాటిని వెనక్కి తిప్పికొట్టమని ప్రకటించి తలుపు మూసేయాలి. నెలాఖరుకు తలుపు మూతపడాలన్నారు డైరెక్టరుగారు. రిపోర్టులు ఏ చిరునామాకు తెప్పించమంటారని అడిగితే, మెయిళ్ళ సంగతి కదా, టపా విభాగానికే తెప్పించు అని గడియారం చూసుకున్నారు. నేను సరేనన్నాను. అక్కడే నా నెత్తిన శని కూర్చుంది.

స్టోరు గదిలో మూలపడిన ఒక కంప్యూటరును దులిపి, సాధనం అందులో ఎక్కించాను. టపా విభాగం మెయిలుపెట్టె తాళం దానికిచ్చాను. పెట్టెలోకి వచ్చిన ప్రతి రిపోర్టునూ తీసి చదువుకోవాలని చెప్పాను. రిపోర్టులు ఎక్కడికి పంపాలో లోకానికి తెలిసేలా కంపెనీ పేరు కింద ఒక వాక్యం చేర్చాను. అంతా సవ్యంగా ఉంది. మర్నాడు తెర తెరిస్తే బొమ్మ లేదు. తెల్లటి పలక. ఆ మర్నాడూ అంతే. సాధనాన్ని తీసి మళ్ళీ ఎక్కించాను. తాళం మార్చాను. నేను చేర్చిన వాక్యాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. పలక తెల్లగా నవ్వుతూనే ఉంది. ఇంట్లో వాళ్ళ మీద చిరాకుపడ్డాను, ఆఫీసులో కుర్చీ మీద చిరాకుపడ్డాను.

నేను తల పట్టుకుని కూర్చుని ఉండగా అందిందిగారు ఎదుటి బల్ల నుంచి, పాపం ఈమధ్య పని బాగా పెరిగిందమ్మాయ్ అన్నారు. ఏం పనండీ అన్నాను. ఎక్కడెక్కడి నుంచో అంకెలు పంపుతున్నారు, మూటలు కట్టి మరీ పంపుతున్నారు, ఒక్కొక్కటీ విప్పి జవాబిచ్చేసరికి మధ్యాహ్నం దాటుతోంది అన్నారు.

నేను లేచి వెళ్ళి ఆయన తెర మీదకు వంగి చూశాను. నా రిపోర్టులన్నీ అక్కడున్నాయి. సాధనం చేయి పెట్టే లోపలే ఆయన పొద్దున్నే వచ్చి ప్రతిదీ తెరిచి, జవాబిచ్చి, "జవాబిచ్చినవి" అనే మరో అరలోకి తోసేస్తున్నారు. సాధనం ఖాళీ పెట్టె చూసుకుని, ఈరోజు ఏమీ రాలేదని నమ్మకంగా కూర్చుంటోంది. లోకంలోకెల్లా పెద్ద మెయిలు కంపెనీకి ఈయన రాసిన జవాబు నా కళ్ళారా చదివాను. "అందింది. అంకెలన్నీ చూశాను. చాలా శ్రమ తీసుకున్నారు. మీ దగ్గర అందరూ కులాసా అని తలుస్తాను." అలాంటి చిరునామా లేదని అటు నుంచి తిరుగు మెయిలు వచ్చింది. దానికి ఈయన క్షమాపణ రాశారు. ఆ క్షమాపణా తిరిగి వచ్చింది.

"ఇవి యంత్రాలు పంపేవండీ. వీటికి జవాబులుండవు" అన్నాను.

"పంపమని వాటికి ఎవరో ఒక మనిషి చెప్పే ఉంటాడు కదమ్మాయ్" అన్నారాయన.

రిపోర్టుల కోసం వేరే మెయిలుపెట్టె తెరిచి, దాని తాళం ఎవరికీ చెప్పకుండా సాధనానికి మాత్రమే ఇచ్చాను. మర్నాడు పొద్దున ఆయన మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నారు. ఈరోజు ఎవరూ అంకెలు పంపలేదేమిటి అని కాసేపు తనలో తనే అనుకున్నారు. నాకు జాలి వేసింది, కానీ అప్పటికి నా తెర మీద బొమ్మలు వచ్చేశాయి, రంగురంగుల గీతలు, దేశాలకు దేశాలు. ఆ సంబరంలో జాలి సంగతి మర్చిపోయాను.

బొమ్మలు చూస్తే లోకం ఎంత పెద్దదో తెలిసింది. మా సొంత సర్వరు పరీక్ష నెగ్గి పచ్చగా మెరుస్తోంది. ఖాతాదారులకు ఏటేటా తనిఖీ గుర్తుచేసే మెయిళ్ళు పంపడానికి మేము పెట్టుకున్న వేరే కంపెనీ ఎర్రగా ఉంది, మావాళ్ళే అయినా ఆ పరీక్షకు కావలసిన సంతకం సరిగా పెట్టడం లేదన్నమాట. వాళ్ళతో మాట్లాడి ఆ సంతకం సరిచేయించాను. మిగతా ఎరుపంతా మోసగాళ్ళది, ఒక్కొక్క చోటు నుంచి వరదలా వస్తోంది. వాటన్నిటి అడుగున, పట్టించుకోకపోతే కంటికి ఆనని ఒక గీత ఉంది. అదీ ఎరుపే. ఒక మామూలు ఇంటర్నెట్ కంపెనీ నుంచి, మా ఊరి చుట్టుపక్కల నుంచే, మా పేరుతో, మాకే వస్తోంది. రోజుకు ఒకటి. ఆదివారం మాత్రం లేదు.

నాకు తెలిసినంతలో మోసగాళ్ళు ఆదివారాలు సెలవు తీసుకోరు. ఆ మాటే పైకి అన్నాను. ఎదుటి బల్ల దగ్గర జవాబులు కొట్టే చప్పుడు ఆగిపోయింది. అందిందిగారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఆ అద్దాలు తుడిచిన తుడుపుకు అరిగిపోతాయేమో అనుకున్నాను.

"అది మోసం కాదమ్మాయ్. అది ఏటవతలి శాఖ" అన్నారు చివరికి.

ఏటవతలి శాఖ మూతపడిందని నాకూ తెలుసు. ఆ బిళ్ళ ఉన్న అర నా తల వెనకే ఉండేది. అదే అన్నాను. ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చారు. ఆ శాఖ నడిపిన పెద్దాయన, శాఖ మూసిన రోజే రిటైరయ్యాడు. పాత కంప్యూటరు, కౌంటరు మీది త్రాసు ఇంటికి తీసుకుపొమ్మని కంపెనీ ఇచ్చేసింది. మర్నాడు పొద్దున ఎప్పటి వేళకే ఎప్పటిలాగే మెయిలు వచ్చింది. తెరిచాం, సున్నా.

"ఏం చేయమంటావు? నీకిక శాఖ లేదని రాయనా? లేచి, స్నానం చేసి, త్రాసు చూసి మరీ రాశాడు. అందింది అన్నాను. ఆ మర్నాడు కూడా రాశాడు. శాఖ పోయిన సంగతి పాపం ఆయన బుర్రకు ఎక్కలేదమ్మాయ్. నా జవాబు చూసుకుంటే గానీ మొదటి తూకం వేయడు."

"ఏం తూస్తారండీ?"

"ఏమో. నేనడగలేదు."

మూతపడిన శాఖల మెయిలుపెట్టెలన్నీ తీసేద్దామని నేను అడిగినప్పుడల్లా ఆయన ఎందుకు నీళ్ళు నమిలేవారో అప్పుడర్థమైంది. ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ఆ పెద్దాయనకు జవాబిస్తే ఇచ్చారు, ఈ ప్రింటర్లకూ మోసగాళ్ళకూ ఎందుకండీ అన్నాను. ఆయన సిగ్గుపడ్డారు. అంత పెద్దమనిషి సిగ్గుపడటం నేను అదే చూడటం.

"మూసేసిన శాఖకు రోజూ జవాబు రాస్తుంటే పైవాళ్ళు పట్టుకోరూ? ఒక్కరికే ఇస్తే ఎందుకని అడుగుతారు. అందరికీ ఇచ్చేవాడిని ఎవరూ ఏమీ అడగరమ్మాయ్, పిచ్చివాడని వదిలేస్తారు. మొదట్లో అందుకే మొదలుపెట్టాను. తరవాత నిజంగానే అలవాటైపోయింది."

నేను ఆయన మీద వేసిన జోకులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆయన తెర వైపు వేలు చూపించి, నెలాఖరున తలుపు వేశాక ఆ గీత ఏమవుతుందని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వెనక్కి తిప్పికొడుతుంది, మీ మెయిలు తీసుకోబోమని ఆ పెద్దాయనకు ఒక నోటీసు పోతుంది.

"ఆ మాట ఇన్నాళ్ళుగా నేను చెప్పలేక ఊరుకున్నానమ్మాయ్. నీ యంత్రం చేత చెప్పించకు."

తలుపు ఒక్కరి కోసం ఓరగా తెరిచి ఉంచడం కుదరదు. తెరిచి ఉంచితే అందరికీ తెరిచినట్టే, మోసగాళ్ళతో సహా. డైరెక్టరుగారి దగ్గరకు వెళ్ళి, అటు తిప్పి ఇటు తిప్పి, మూతపడిన శాఖ ఒకటి ఇంకా మెయిలు పంపుతోందని, దాన్ని దారిలో పెట్టడానికి కొంచెం వ్యవధి కావాలని చెప్పాను. మూతపడిన శాఖ మెయిలు ఎలా పంపుతుందని ఆవిడ అడుగుతారని భయపడ్డాను. ఆవిడ నన్ను ఒకసారి, గడియారాన్ని ఒకసారి చూశారు.

"పరీక్ష నెగ్గితే నాకేం అభ్యంతరం లేదు. నెగ్గకపోతే ఎవరిదైనా వెనక్కే" అన్నారు.

అంటే దారి ఒక్కటే. ఆ ఇంటికి వెళ్ళి, పాత కంప్యూటరులో మెయిలు బయటికి వెళ్ళే తోవను ఇంటర్నెట్ కంపెనీ మీదుగా కాకుండా మా సర్వరు మీదుగా తిప్పాలి. అప్పుడు మా సంతకం పడుతుంది, పరీక్ష నెగ్గుతుంది. ఫోనులో చెప్పి చేయించుకునే పని కాదు. అందిందిగారిని కూడా రమ్మన్నాను. ఆయన రానన్నారు. హెడ్డాఫీసు మనిషి ఎదురుగా నిలబడితే ఆయనకు ఎక్కడ నిజం గుర్తొస్తుందోనని భయం. శాఖ మూసేశారని మాత్రం పొరపాటున కూడా అనకమ్మాయ్ అని గేటు దాకా వచ్చి చెప్పారు, గేటు దాటాక మళ్ళీ పిలిచి చెప్పారు.

వంతెన దాటి బస్సు దిగి, పాత మేడలో మూడో అంతస్తు ఎక్కాను. తలుపు తీసినావిడ నన్ను లోపలికి పిలిచి, ఆయన పనిలో ఉన్నారమ్మా, కూర్చో అన్నారు. పనిలో ఉన్నాయన కిటికీ పక్కన బల్ల ముందు, ఇస్త్రీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చుని ఉన్నారు. కంప్యూటరు పక్కనే కౌంటరు త్రాసు. దాని పళ్ళెంలో మొహం చూసుకోవచ్చు. ముల్లు సున్నా మీద నిలబడి ఉంది. హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వచ్చానన్నాను. ఆయన నా గుర్తింపు కార్డు తీసుకుని, ఫొటోనూ నన్నూ మార్చి మార్చి చూసి, ఫొటోలో కాస్త నవ్వు మొహం ఉందే అన్నారు.

పని పెద్దది కాదు. తోవ మార్చాను, తాళం పెట్టాను. ఇప్పుడొక మెయిలు పంపి చూడండి బాబాయిగారూ అన్నాను. ఆయన చేతులు కట్టుకున్నారు. పొద్దున తెరిచినప్పుడు ఒకటి పంపుతాం, అయిపోయింది, ఇప్పుడు మళ్ళీ తెరిచామని ఎలా రాస్తాం అన్నారు. ఊరికే పరీక్షకండీ అన్నాను. ఈ శాఖ నుంచి ఇంతవరకూ ఉత్తుత్తి మెయిలు వెళ్ళలేదు అన్నారు. బతిమాలాను. ఆయన భార్య కూడా లోపలి నుంచి నా తరఫున ఒక మాట వేశారు. లాభం లేకపోయింది. అంటే రేపు పొద్దున ఆయన పంపాలి, దాని సంగతి ఆ మర్నాటి రిపోర్టులో రావాలి, అప్పటిదాకా నేను గోళ్ళు కొరుక్కుంటూ కూర్చోవాలి.

నేను వంటగదిలోకి మంచినీళ్ళకు వెళితే ఆవిడ గొంతు తగ్గించి చెప్పారు. "జవాబు కాస్త ఆలస్యమైతే ఆయన టిఫిను ముట్టరమ్మా. వరండాలో ఇటూ అటూ తిరుగుతుంటారు. వచ్చిందంటే ఇక ఆ రోజుకు హుషారే. ఇంట్లోకి తెచ్చిన కూరగాయలన్నీ ఆ త్రాసులో తూస్తారు, కొట్టువాడి తూకం మీద ఒక ఆకు తగ్గినా ఒప్పుకోరు."

అమ్మయ్య, ఏం తూస్తారో తెలిసిందనుకున్నాను. వెళ్ళొస్తానంటే పెద్దాయన చెప్పులు వేసుకుని నాతోపాటు బస్సు స్టాపు దాకా వచ్చారు. వీధిలోకి వచ్చాక, ఆయన ఎలా ఉన్నాడమ్మా అన్నారు. ఎవరని అడగనక్కర్లేదు. బాగున్నారని చెప్పాను.

"ఒక్క మాట, నీలోనే ఉంచుకో. శాఖ మూసేశారని ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదమ్మా."

నేను నడుస్తున్నదాన్ని ఆగిపోయాను.

"శాఖలన్నీ పోయాక ఆ గదిలో ఒక్కడే అయిపోయాడు. జవాబులివ్వడం తప్ప ఆయనకు ఇంకో పని తెలియదు. పొద్దున్నే మనిషి రాసిన మెయిలు ఒక్కటైనా లేకపోతే ఏమైపోతాడు? అందుకని రాస్తున్నాను. రాసిన వెంటనే అందింది అంటాడు పిచ్చివాడు, ఇంకా శాఖ నడుస్తోందనే అనుకుంటున్నాడు. నాకు తెలియకపోవడమేమిటి? దాన్ని చెప్పుల కొట్టు చేసేశారు. ఇవి అక్కడ కొన్నవే."

నేను ఆ చెప్పుల వంక చూశాను. మంచి చెప్పులు. బస్సు వచ్చింది. ఆయన బస్సు కదిలేదాకా నిలబడి, కిటికీ దగ్గరకు వచ్చి, చెప్పకమ్మా, బెంగ పెట్టుకుంటాడు అన్నారు. వంతెన మీద బస్సు పోతుంటే నాకు నవ్వూ ఏడుపూ కాని ఏదో వచ్చింది. ఎక్కువగా వచ్చింది మాత్రం అసూయ. నేను పొద్దున్నే తలుపు తీశానని ఎదురుచూసేవాళ్ళు ఈ లోకంలో ఒక్కరైనా ఉన్నారా అని లెక్క వేసుకున్నాను. మా అమ్మ తప్ప ఎవరూ తట్టలేదు, ఆవిడ కూడా ఆ వేళకు నిద్రలేవదు.

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి అందిందిగారు నా కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

"ఇంకా శాఖ ఉందనే అనుకుంటున్నాడా?"

"అవునండీ" అన్నాను.

"నేను చెప్పలేదూ" అని ఆయన జాలిగా తలూపారు. ఆ జాలి వెనక ఎంత తృప్తి ఉందో ఆయనకే తెలియదు. ఈ ఉద్యోగం వదిలేసి హాయిగా ఇంట్లో కూర్చోమని మా ఇంట్లో పోరుతుంటారమ్మాయ్, ఆయన సంగతి చూసేవాళ్ళు లేక కానీ అన్నారు. ఇద్దరి రహస్యాలూ మోసేసరికి ఆ సాయంత్రం నాకు మెడ నొప్పి పుట్టింది.

ఆ మర్నాటి మర్నాడు రిపోర్టు వచ్చింది. అడుగున ఆ ఎర్ర గీత లేదు. మెయిలు అసలు రాలేదేమో అనుకున్నాను. తరవాత తట్టింది, అదిక విడిగా కనిపించదు. మా సర్వరు తాలూకు పచ్చదనంలో కలిసిపోయింది. మావాళ్ళలో ఒకరైపోయింది. అందిందిగారిని పిలిచి చూపిస్తే, ఏదీ, ఎక్కడా అని తెర దగ్గరకు ముక్కు పెట్టి వెతికారు. కనిపించకపోవడమే మంచి సంగతి అని చెబితే నమ్మడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. నెలాఖరున తలుపు మూశాను. మోసగాళ్ళ మెయిళ్ళు గుమ్మంలోంచే వెనక్కి పోవడం మొదలైంది. గొంతునొప్పి మోసగాడు ఏమయ్యాడోనని ఆయన ఒకటి రెండుసార్లు వాకబు చేశారు.

ఆ తరవాత నేను ఉద్యోగం మారాను. ఇక్కడ ఆఫీసు పెద్దది, అద్దాల గోడలు, ఎవరి బల్ల వాళ్ళది. మెయిలు పంపితే నూతిలో రాయి వేసినట్టు ఉంటుంది, చప్పుడు కూడా రాదు. మొదటి వారమంతా నేను పంపినవి అసలు వెళుతున్నాయా లేదా అని రిపోర్టులు తీసి చూసుకున్నాను. అన్నీ పచ్చగా ఉన్నాయి. వెళుతున్నాయి, అందుతున్నాయి, అందిందని చెప్పేవాళ్ళే లేరు. ఆ కిటికీ, ఆ లారీలు, ఎదుటి బల్ల దగ్గర ఆగకుండా జవాబులు కొట్టే ఆ చప్పుడు నాకు ఎంత కావాలో అప్పుడు తెలిసింది.

అందుకని ఈమధ్య పొద్దున్నే బల్ల దగ్గరకు రాగానే అందిందిగారికి ఒక్క ముక్క రాస్తున్నాను. వచ్చాను, కూర్చున్నాను అని. అంతకంటే అందులో ఏమీ ఉండదు. నాకోసమని కాదు. ఎదురుగా నా కుర్చీ ఖాళీగా ఉంటే ఆయనకు తోచదు, నేను రాయకపోతే పాపం దిగులు పెట్టుకుంటారు. అంతే తప్ప ఇంకేం లేదు. జవాబు కాస్త ఆలస్యమైన రోజున మాత్రం, మా కొత్త ఆఫీసు వరండా అద్దాల గోడ పొడుగునా నేను ఇటూ అటూ ఎందుకు తిరుగుతున్నానో ఇక్కడివాళ్ళెవరికీ అర్థం కాదు.